మిత్రదేశం సైన్యంలో పోరాడినవాళ్లకి మన మాజీ సైనికుల సౌకర్యాలు ఇవ్వాలా?

మల్కాపురం అబ్బాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు నేవీలో పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు, మా వీధిలో సగం ఇళ్లు నేవీ వాళ్లవో డాక్‌యార్డ్ వాళ్లవో, అందుకని పెన్షన్, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ ఇవన్నీ చిన్నప్పటి నుంచీ ఇంట్లో వినే మాటలే. ఈమధ్య నాన్నగారి స్నేహితుల మధ్య ఒక వాదన వచ్చింది. వాళ్లలో ఒకాయన కొడుకు అమెరికాలో ఉంటాడు. వియత్నాం యుద్ధంలో దక్షిణ కొరియా సైన్యంలో పనిచేసి, తర్వాత అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకి అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో వైద్యం ఇచ్చేలా 2023లో చట్టం వచ్చిందని అతను చెప్పాడట. ఇక అక్కడ మొదలైంది. ఒకాయనేమో వాళ్ల యూనిఫాం వేరు, జీతమిచ్చిన ప్రభుత్వం వేరు, ఆ ప్రభుత్వమే చూసుకోవాలి అంటారు. ఇంకొకాయన, పక్కన నిలబడి తూటా తిన్నవాడి పాస్‌పోర్టు అడుగుతారా అని కోప్పడ్డారు.

నాకు రెండో మాటే సరైనదనిపిస్తుంది. కానీ ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. మన శత్రువుతో పోరాడిన ప్రతివాళ్లకీ ఇవ్వాలంటే దానికి అంతుండదు కదా. మన దేశం వరకు చూస్తే ఇది ఎవరికి వర్తిస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి, ముఖ్యంగా సర్వీసులో ఉండి వచ్చినవాళ్లు.

పాత సెయిలర్:

బాబూ, మన దగ్గర ఈ ప్రశ్న వస్తే ముందు చెప్పుకోవలసింది ముక్తి బాహిని గురించి, అంటే 1971లో బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన బెంగాలీ దళం. వైజాగ్‌లో 1971 అంటే అందరూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన కథే చెప్తారు, బీచ్ రోడ్డులో విజయ స్మారకం దగ్గర ఫొటోలు దిగుతారు, మంచిదే. కానీ మనం డిసెంబరులో యుద్ధంలోకి దిగేలోపే బెంగాలీ కుర్రాళ్లు సముద్రం మీద పోరాటం మొదలుపెట్టేశారు. ఆగస్టు 15 రాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో నీళ్లలో ఈదుకుంటూ వెళ్లి ఓడలకి లింపెట్ మైన్లు (ఓడ అడుగున అతికించే పేలుడు పదార్థాలు) అంటించింది వాళ్లే. ప్లాసీ దగ్గర భాగీరథి నదిలో వాళ్లకి శిక్షణ ఇచ్చింది మన నేవీ. మైన్లు ఇచ్చింది మనం, ఏ రాత్రి వెళ్లాలో చెప్పింది మనం.

ఇంకొకటి చాలామందికి తెలియదు. డిసెంబరు 10న పద్మ, పలాష్ అనే రెండు ముక్తి బాహిని గన్‌బోట్లు మన ఐఎన్‌ఎస్ పన్వేల్‌తో కలిసి ఖుల్నా వైపు వెళ్తుంటే, మన విమానాలే వాటిని శత్రువులవనుకుని బాంబులు వేశాయి. పలాష్ ఇంజన్ రూములో ఉన్న బెంగాలీ నావికుడు రుహుల్ అమీన్ ప్రాణాలు కోల్పోయాడు. బంగ్లాదేశ్ ఆయనకి బీర్ శ్రేష్ఠో ఇచ్చింది, అది వాళ్ల అత్యున్నత యుద్ధ పురస్కారం. ఆ బోట్లలో మనవాళ్లూ ఉన్నారు, వాళ్లూ ఉన్నారు, నడిపించింది మన ఆఫీసర్లు. ఒకే బోటులో ఒకే బాంబుకి ఇద్దరికి కాళ్లు పోతే, ఒకడికి జీవితాంతం డిసెబిలిటీ పెన్షన్ ఇచ్చి, రెండోవాడికి దండం పెట్టి ఇంటికి పంపించడం న్యాయం ఎలా అవుతుంది?

మన ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. 2006 నుంచి ముక్తి యోధుల పిల్లలకి, మనవళ్లకి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాం. 2017లో ఆ యోధులకి ఐదేళ్ల వీసా, ఏటా 100 మందికి మన ఆసుపత్రుల్లో ఉచిత వైద్యం ప్రకటించారు. కాకపోతే అప్పటికి 46 ఏళ్లు గడిచిపోయాయి. ఆ వైద్యం నిజంగా అవసరమైనవాళ్లు అప్పటికి ఎంతమంది మిగిలుంటారు?

గాజువాక కుర్రాడు:

పెద్దాయన మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను ఒప్పుకోను. మా తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్లయ్యాక నూటికి పాతిక మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవానిధి కింద 11 లక్షల చిల్లర తీసుకుని బయటికి వచ్చేయాలి. పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడనే హోదా కూడా లేదు. అంటే మన జెండా కిందే సియాచిన్‌లో నిలబడి వచ్చినవాడు మాజీ సైనికుడు కాడు, కానీ పక్క దేశం సైనికుడికి మనం ఏమివ్వాలా అని ఇక్కడ చర్చ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ముందు మా తమ్ముడిలాంటి వాళ్ల సంగతి తేల్చండి.

పైగా ఇలాంటివి ఒకసారి మొదలుపెడితే ఆగవు. బంగ్లాదేశ్‌లోనే చూడండి, ముక్తి యోధుల కుటుంబాలకి ఉద్యోగాల్లో పెట్టిన 30 శాతం కోటా మనవళ్ల దాకా వచ్చింది. 2024లో దాని మీద విద్యార్థులు రోడ్డెక్కితే వందల మంది చనిపోయారు, ఆగస్టు 5న ప్రభుత్వమే పడిపోయింది. వాళ్ల సొంత దేశంలోనే ఇంత గొడవైతే మనం ఎందుకు తలదూర్చాలి?

సీతమ్మధార సుజాత:

గాజువాక తమ్ముడూ, అగ్నివీర్ల గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం, దాని మీద నాకూ కోపం ఉంది. కానీ మీ తమ్ముడికి న్యాయం జరగలేదు కాబట్టి ఇంకొకరికి కూడా వద్దు అంటే ఎలా? రెండుచోట్లా జరుగుతున్నది ఒకటే. మనిషి వయసులో ఉండగా వాడుకుని, ఖర్చు వచ్చే వయసుకి మా మనిషి కాదు అనడం.

అసలు ప్రశ్నకి వస్తే, పౌరసత్వం కొలబద్ద కాదని నా అభిప్రాయం. ఎవరి ఆజ్ఞ మీద ప్రాణం పణంగా పెట్టాడు, ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్లు అప్పుడు ఏం మాట ఇచ్చారు, ఈ రెండే చూడాలి. ఫిలిప్పీన్స్ వాళ్ల సంగతి చదివితే ఇది బాగా అర్థమవుతుంది. 1941 జులై 26న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వుతో ఫిలిప్పీన్స్ కామన్వెల్త్ సైన్యాన్ని అమెరికా సైన్యం సర్వీసులోకి పిలిచాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి కదా, సరిగ్గా మూడు రోజులకి, ఏప్రిల్ 9న, ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో ఆ ఫిలిప్పీనో సైనికులు, అమెరికన్లు కలిసి జపాన్‌కి లొంగిపోయారు. బందీలుగా నడిపించుకుంటూ తీసుకెళ్తుంటే దారిలో వేలమంది చనిపోయారు. నడిచినప్పుడు ఇద్దరికీ తేడా లేదు. యుద్ధం అయ్యాక 1946 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసి, వీళ్లు చేసిన సర్వీసు మాజీ సైనికుల సౌకర్యాల్లో చాలావాటి లెక్కకి రాదు అనేసింది. రెండున్నర లక్షల మందికి పైగా సైనికుల సంగతి ఇది! అప్పటికి ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం కూడా రాలేదు, వాళ్లు అమెరికా పాలనలో ఉన్నవాళ్లే.

దానికి పరిహారమంటూ డబ్బు ఇచ్చింది 2009లో. అమెరికా పౌరులైతే 15 వేల డాలర్లు, కాకపోతే 9 వేలు, అదీ ఒక్కసారికే. అక్కడ కూడా పాస్‌పోర్టు చూసి తేడా పెట్టారు. అరవై మూడేళ్లు ఆలస్యం చేస్తే ఖజానాకి ఎంత మిగులుతుందో ఎవరైనా లెక్క కట్టగలరు, ఎందుకంటే ఈలోగా చాలామంది చనిపోయారు. నన్ను బాధపెట్టేది అదే.

డాలస్‌లో వైజాగ్ వాసి:

కొరియా చట్టం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది అమెరికా వాళ్లకి పెన్షన్ కూడా ఇస్తోందనుకుంటున్నారు. అది పెన్షన్ కాదు, వైద్యం మాత్రమే, అదీ అమెరికా పౌరులైనవాళ్లకే, రెండు ప్రభుత్వాల మధ్య ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోలండ్, చెకొస్లొవేకియా సైన్యాల్లో పోరాడి, తర్వాత పదేళ్లుగా అమెరికా పౌరులుగా ఉన్నవాళ్లకి వైద్యం ఇవ్వాలని 1976లోనే చట్టం చేశారు. అంటే దారి ఎప్పటినుంచో ఉంది, కొరియా వాళ్లని ఆ దారిలోకి రానివ్వడానికి వియత్నాం యుద్ధం ముగిశాక దాదాపు యాభై ఏళ్లు పట్టింది. ఆ యుద్ధానికి కొరియా 3 లక్షల మందికి పైగా సైనికులను పంపింది మరి.

హ్మోంగ్ వాళ్ల కథ ఇంకా కష్టంగా ఉంటుంది. లావోస్ కొండల్లో ఉండే ఈ జాతివాళ్లని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్య సైన్యంగా పెట్టుకుంది. రహస్యం కాబట్టి కాగితాలు లేవు, కాగితాలు లేవు కాబట్టి సౌకర్యాలు లేవు. 2018లో చట్టం చేసి ఏమిచ్చారో తెలుసా, జాతీయ సైనిక శ్మశానాల్లో పూడ్చిపెట్టే హక్కు. బతికుండగా ఆసుపత్రికి రానివ్వరు.

నేను సుజాత గారి మాటే సమర్థిస్తాను, అయితే ఒక్కటి కలపాలి. ఆజ్ఞ ఇచ్చిన దేశం ఎవరికి ఏం రాసిచ్చిందో కాగితం మీద ఉండాలి. ఇక్కడ ప్రతి గొడవా చివరికి సర్వీసు రికార్డు దగ్గరే ఆగిపోతుంది. ఫిలిప్పీన్స్ వాళ్లలో ఎంతోమంది దరఖాస్తులు అమెరికా దగ్గరున్న జాబితాలో పేరు లేదనే కారణంతోనే తిరస్కరించారు. గెరిల్లాగా అడవిలో తిరిగినవాడికి హాజరు పట్టీ ఎవరు వేస్తారండీ?

మల్కాపురం అబ్బాయి:

అందరికీ థాంక్స్. గాజువాక బ్రదర్, మీ తమ్ముడి విషయంలో మీ బాధ నాకు అర్థమైంది. ఒక సందేహం. మన గోర్ఖా రెజిమెంట్లలో నేపాల్ వాళ్లు ఉంటారు కదా, వాళ్లు పరాయి దేశం పౌరులే. వాళ్ల సంగతేంటి? పెన్షన్ మనవాళ్లతో సమానంగానే వస్తుందా?

పెదవాల్తేరు రావు:

సమానంగానే వస్తుంది. నాకు తెలిసి ఈ విషయంలో మన దేశం చేసిన మంచి పని ఇదే. 1947లో పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకి, నాలుగు బ్రిటన్‌కి పోయాయి, మూడు దేశాల ఒప్పందం అది. మన దగ్గర రిటైరైన నేపాలీ సిపాయికి మన సిపాయి పెన్షనే, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్) కూడా వర్తిస్తుంది, ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో పెన్షన్ ఆఫీసులు పెట్టి ఇస్తున్నారు. ఆ తర్వాత ఈసీహెచ్‌ఎస్ కూడా అక్కడికి తీసుకెళ్లారు. పరాయి పౌరుడికి ఇస్తే ఖజానా కూలిపోతుంది అనేవాళ్లకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఇస్తూనే ఉన్నాం.

అదే ఒప్పందం చూపించి బ్రిటన్ ఇంకోలా చేసింది. నేపాల్‌లో బతకడానికి ఖర్చు తక్కువ కాబట్టి పెన్షనూ తక్కువ అంది. 1997 జులై తర్వాత రిటైరైనవాళ్లని మాత్రం 2007లో బ్రిటిష్ సైనికుల పెన్షన్ పథకంలోకి రానిచ్చారు, అంతకుముందు రిటైరైనవాళ్లని అలాగే వదిలేశారు. నాలుగేళ్ల సర్వీసు చేసిన పాతవాళ్లకి బ్రిటన్‌లో స్థిరపడే హక్కు 2009లో వచ్చింది, అదీ పెద్ద ఉద్యమం చేస్తే. తీరా అక్కడికి వెళ్లినవాళ్లకి నేపాల్ ఖర్చుల లెక్కన కట్టిన పెన్షన్‌తో లండన్ చలిలో ఎలా గడుస్తుంది? 2021లో బ్రిటన్ ప్రధాని ఇంటి ఎదురుగా పదమూడు రోజులు నిరాహార దీక్ష చేశారు. యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 2016లో వాళ్లకి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది. చట్టం ప్రకారం తప్పు లేదన్నారు. చట్టం ప్రకారం తప్పు లేకపోవడం, తప్పు చెయ్యకపోవడం ఒకటి కావు.

మా తాతగారు కూడా రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దుకి వెళ్లివచ్చారు. యుద్ధం అయిపోగానే లక్షల మందితో పాటు ఆయన్నీ ఇంటికి పంపేశారు, పెన్షన్‌కి కావలసిన పదిహేనేళ్ల సర్వీసు లేదు కాబట్టి ఏమీ రాలేదు. ఎప్పటికో రాష్ట్ర ప్రభుత్వం ఆ యుద్ధంలో పనిచేసినవాళ్లకి నెలనెలా ఇంత అని సాయం మొదలుపెట్టింది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరిగి మా నాయనమ్మ అది తీసుకుంది. ఆయన ఎవరి యుద్ధం చేశారు, ఎవరు డబ్బిచ్చారు చూడండి. ఆజ్ఞ లండన్‌ది, బాధ్యత మన మీద పడింది. పాతిక లక్షల మంది భారతీయులు చేశారు ఆ యుద్ధం.

పాత సెయిలర్:

రావు గారూ, మంచి విషయం చెప్పారు. ఇంకొక్కటి చెప్పాలి, 2022లో అగ్నివీర్లని తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక నేపాల్ దానికి ఒప్పుకోలేదు, అప్పటి నుంచి నేపాల్ నుంచి మన సైన్యంలోకి కొత్త భర్తీ జరగడం లేదు. నాలుగేళ్లు పనిచేసి పెన్షన్ లేకుండా తిరిగొచ్చే కుర్రాళ్లతో మేమేం చెయ్యాలి అనేది అక్కడివాళ్ల ఆందోళన. గాజువాక తమ్ముడు అడిగిందీ అదే కదా! అందుకే ఈ రెండు విషయాలూ వేరు కావంటున్నాను.

పద్ధతి కావాలంటే ఐక్యరాజ్యసమితి శాంతి దళాలను చూడండి. చనిపోయిన సైనికుడిది ఏ దేశమైనా, కుటుంబానికిచ్చే పరిహారం అందరికీ ఒకటే. పెన్షన్ అతని సొంత దేశం ఇస్తుంది. గాయానికి, ప్రాణానికి మాత్రం ఐక్యరాజ్యసమితి బాధ్యత తీసుకుంటుంది. మిత్రసైన్యాల విషయంలో మనం కూడా ఈ గీత గీసుకోవచ్చు. మన కమాండ్ కింద గాయపడితే వైద్యం, డిసెబిలిటీ మనవి. సర్వీసు పెన్షన్ వాళ్ల దేశానిది. యుద్ధం మొదలయ్యే ముందే ఒప్పందంలో రాయాలి, యాభై ఏళ్ల తర్వాత దయతలచి ఇవ్వడం కాదు.

గాజువాక కుర్రాడు:

గాయానికి వైద్యం, కాలో చెయ్యో పోతే డిసెబిలిటీ, మన ఆఫీసర్ కింద పనిచేసినట్టు రికార్డుంటే అంతవరకు ఒప్పుకుంటాను, మనిషికి మనిషి చెయ్యాల్సిందే అది. మనవళ్లకి స్కాలర్‌షిప్పులు మాత్రం ఒప్పుకోను, ఆ డబ్బుతో ముందు అసలు సైనికుడికి మందులు కొనివ్వండి. నేపాల్ గురించి సెయిలర్ గారు చెప్పింది నాకు తెలియదు. పరాయి దేశం వాళ్లు వాళ్ల కుర్రాళ్ల తరఫున అడిగిన ప్రశ్న, మా తమ్ముడి తరఫున ఇక్కడ గట్టిగా ఎవరు అడుగుతున్నారు? మాజీ సైనికుల సంఘాల్లో ఉన్న పెద్దలు ఈ థ్రెడ్ చదువుతుంటే వచ్చే మీటింగులో అగ్నివీర్లకి ఈసీహెచ్‌ఎస్ సంగతి తీర్మానంలో పెట్టించండి. ఎప్పుడో ఎక్కడో చెప్తే నేనూ మా తమ్ముడూ వస్తాం.