మంచు బాగా పడే చోట క్యాబిన్‌కి రేకుల కప్పు: స్క్రూల రేకా, స్టాండింగ్ సీమా?

కీవీనా_క్యాబిన్:
మేం డెట్రాయిట్ దగ్గర ఉంటాం. మిషిగన్ అప్పర్ పెనిన్సులాలో, హౌటన్‌కి ఉత్తరాన కాస్త స్థలం కొన్నాం, తమ్ముడూ నేనూ కలిసి చిన్న క్యాబిన్ కడుతున్నాం. వెడల్పు 24 అడుగులు, పొడవు 32, కప్పు వాలు 12కి 8 (అడ్డంగా 12 అడుగులకి 8 అడుగుల ఎత్తు). ట్రస్సులు (కప్పుని మోసే చట్రాలు) లేచాయి, వాటి మీద ఓఎస్‌బీ (చెక్క పలకలు) కొట్టేశాం, ఇక రేకు వేయాలి. పైకి స్క్రూలు కనిపించే రకం చవక, స్టాండింగ్ సీమ్ (రేకుల అంచులు నిలువుగా మడిచి కలిపే, స్క్రూలు పైకి కనిపించని రకం) అయితే మాకు చెప్పిన రేటు రెట్టింపు పైమాటే. 1978-79 చలికాలంలో కీవీనాలో (మా స్థలం ఉన్న ప్రాంతమే) 390.4 అంగుళాల మంచు పడిందని రోడ్డు పక్కన పెద్ద బోర్డే ఉంది, అది చూసినప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ముందు తలుపు చూరు కిందే వస్తుంది. చేసినవాళ్లు చెప్పండి.

చలిమంట:
రేకు సంగతి తర్వాత, ముందు ఆ తలుపు సంగతి చూడండి. ఆ వాలుకి రేకు మీద మంచు ఆగదు, కాస్త ఎండ రాగానే మొత్తం ఒక్కసారి జారుతుంది. చదరపు అడుక్కి 20 పౌన్లే అనుకున్నా మీ కప్పు ఒక్కో వైపు ఏడున్నర వేల పౌన్లు, అంటే మూడు టన్నుల పైనే. పిల్లలు నిలబడే చోట అది పడకూడదు. తలుపు గేబుల్ గోడకి (పైన త్రికోణంగా ఉండే గోడ, కప్పు అటు వాలదు) మార్చండి, ట్రస్సుల బరువు ఆ గోడ మీద పడదు కాబట్టి కోయడం తేలికే. పొయ్యి గొట్టం కూడా రిడ్జ్‌కి (కప్పు పై కొనకి) దగ్గరగా పైకి తీయండి, చూరు దగ్గర పెడితే జారే మంచు దాన్ని విరిచేస్తుంది. ప్రొపేన్ రెగ్యులేటర్ కూడా చూరు కింద వద్దు. స్నో గార్డులు (మంచు జారకుండా ఆపేవి) పెడదామనుకుంటే ఒక మాట: జారే కప్పు కదా అని లెక్కలో మంచు బరువు తగ్గించి ట్రస్సులు చేసి ఉండొచ్చు, గార్డులు పెడితే ఆ బరువంతా పైనే ఉండిపోతుంది. ట్రస్ డ్రాయింగ్ తీసి చూసుకోండి.

రేకుల_మేస్త్రి:
అన్నా, డబ్బు సర్దుకోగలిగితే స్టాండింగ్ సీమే. 16 అడుగుల స్టీలు రేకు గడ్డకట్టే చలి నుంచి వేసవి ఎండ దాకా నాలుగు మిల్లీమీటర్లకి పైగా సాగి ముడుచుకుంటుంది. స్టాండింగ్ సీమ్‌లో రేకు క్లిప్పుల మీద జరుగుతుంది, స్క్రూల రకంలో ఆ లాగుడంతా రంధ్రాల మీద పడుతుంది, పైగా జారే మంచు స్క్రూ తలల్ని రాసుకుంటూ పోతుంది. రబ్బరు వాషర్లు కూడా ఏళ్ల మీద ఎండిపోయి పగులుతాయి.

స్క్రూల రకమే వేస్తే మాత్రం మన ఊళ్లలో జె-బోల్టు రేకు గట్టు మీద వేసినట్టు వేయొద్దు, ఇక్కడ కప్పుకి పల్లంలో, కింద చెక్క తగిలే చోటే వేస్తారు. వాషర్ కొంచెం నొక్కుకుని, అంచు స్క్రూ తల కింద నుంచి కాస్త కనబడితే చాలు. అది చిట్లి బయటికి ఉబ్బిందంటే ఎక్కువ తిప్పినట్టు, వంకరగా కూర్చుందంటే నీళ్లు దిగినట్టే. గ్రైండర్‌తో రేకు కోయకండి, నిప్పురవ్వలకి పూత కాలి అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది. కత్తెరో నిబ్లరో (రేకుని కొరికి కోసే పనిముట్టు) వాడండి.

సుపీరియర్_ఒడ్డున:
ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, లీకులు ఎక్కువగా వచ్చేది చూరు దగ్గర గడ్డకట్టే ఐసు వల్ల. లోపలి వేడి పైకి పోయి మంచు అడుగున కరుగుతుంది, ఆ నీళ్లు చల్లటి చూరు దాకా వచ్చి గడ్డకడతాయి, వెనకాల నిలిచిన నీళ్లు రేకు కిందికి ఎక్కుతాయి. కాబట్టి రేకు కింద ఐస్ అండ్ వాటర్ షీల్డ్ (నీళ్లు దిగనివ్వని, అతుక్కునే షీటు) అంటించండి. బిల్డింగ్ కోడ్ ప్రకారం బయటి గోడ గీత దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి రావాలి, నేనైతే ఇంకో వరస వేస్తాను. ఎక్కువ వేడి తట్టుకునే రకం అని అడిగి కొనండి, ఎండలో రేకు కింద మామూలుది మెత్తబడుతుంది. సీలింగ్‌లో ఇన్సులేషన్, సాఫిట్ (చూరు అడుగు భాగం) నుంచి రిడ్జ్ దాకా గాలి దారి, ఈ రెండూ లేకపోతే ఎంత ఖరీదైన రేకు వేసినా చూరుకి ఐసు కడుతూనే ఉంటుంది.

కీవీనా_క్యాబిన్:
చాలా థాంక్స్ అండీ. తలుపు గేబుల్ వైపుకే మారుస్తున్నాం, సైడింగ్ (గోడ బయటి పలకలు) ఇంకా వేయలేదు. స్టాండింగ్ సీమ్‌కే వెళ్తాం, ఆ ఖర్చుకి వరండా వచ్చే ఏడాదికి వాయిదా. ఐస్ షీల్డ్ అంటించడానికి చలి మరీ ఎక్కువైతే అతుక్కోదంటున్నారు, అందుకే ఈ వారాంతమే ఆ పని పెట్టుకున్నాం.