చెప్పులకు క్రోమ్ తోలా, తంగేడు చెక్క తోలా?

హనుమకొండ చెప్పులు (ఆదివారం, ఉదయం 9:10)
అందరికీ నమస్కారం. హనుమకొండలో చిన్న చెప్పుల దుకాణం నడుపుతున్నాను. నలుగురం పని చేస్తాము. ఇన్నాళ్లూ తమిళనాడు నుంచి వచ్చే క్రోమ్ తోలుతోనే, అంటే క్రోమియంతో పదును చేసిన తోలుతోనే, కుట్టాము. ఈమధ్య కొనడానికి వచ్చినవాళ్లు "ఇది రసాయనాల తోలా?" అని అడుగుతున్నారు. మొన్న ఒకామె చెప్పు తీసి వాసన చూసి, మాట్లాడకుండా కింద పెట్టి వెళ్లిపోయింది. చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, పదును చేసిన తోలు తెప్పిద్దామంటే ధర ఎక్కువ, రావడం ఆలస్యం. ఇంకో సంగతి. మా ఊళ్లో కొందరం కలిసి సొంతంగా చిన్న టానరీ (పచ్చితోళ్లను పదును చేసే యూనిట్) పెట్టుకుందామని అనుకుంటున్నాము. క్రోమ్‌ది పెట్టాలా, చెక్కది పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

తంగేడు కొమ్మ (9:32)
ఇందులో అడగడానికి ఏముంది? క్రోమ్ అంటే విషం. తమిళనాడులో టానరీల మురుగుకు పాడైన పాలారు నది గతి చూశారు కదా. వేలూరు చుట్టుపక్కల టానరీల వ్యవహారం సుప్రీంకోర్టుదాకా పోయింది. 1996లో తీర్పు ఇస్తూ ఒక్కో టానరీకి పదివేల రూపాయల జరిమానా కూడా వేశారు. మన తాతల కాలంలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతోనే తోలు పదునయ్యేది. ఎవరి బావీ పాడు కాలేదు. పైగా తంగేడు మన రాష్ట్ర పుష్పం. చెక్కదే పెట్టండి, గర్వంగా చెప్పుకొని అమ్మండి.

లంద మనవడు (9:40)
"ఎవరి బావీ పాడు కాలేదు" అన్నారు. ఊరి బావి సంగతా అక్కా, మా బావి సంగతా?

కెమిస్ట్రీ సారు (10:25)
విషం అన్న మాట దగ్గర ఆగుదాం. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని, ఊరుకోలేను.

పచ్చితోలును అలాగే వదిలితే కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిగుస్తుంది. పదును చేయడమంటే తోలులోని కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులను ఒకదానితో ఒకటి ముడివేయడం. చెక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు చేసేది ఆ పనే, క్రోమియం చేసేది ఆ పనే. ముడి బిగువులోనే తేడా. రెండు తోళ్ల ముక్కలు మరిగే నీళ్లలో వేసి చూడండి. చెక్క తోలు సుమారు 80 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. సరిగా పదునైన క్రోమ్ తోలు మరుగుతున్న నీటినీ తట్టుకుంటుంది.

పనిలోనూ తేడా ఉంది. క్రోమ్ పద్ధతిలో తోలును ఉప్పు, గంధకామ్లం కలిపిన నీళ్లలో పులియబెట్టినట్టు నానబెట్టి, తిరిగే డ్రమ్ములో బేసిక్ క్రోమియం సల్ఫేట్ పోస్తారు. అది లోపలిదాకా ఇంకిన తర్వాత సోడా కొద్దికొద్దిగా కలిపి పులుపు తగ్గిస్తారు. అప్పుడు గానీ క్రోమియం పోగులను పట్టుకోదు. ఒకటి రెండు రోజుల్లో లేత నీలి రంగు తోలు చేతికి వస్తుంది. చెక్క పద్ధతిలో వారాలు పడుతుంది, దళసరి తోలైతే నెలలు. 1893లో అమెరికాలో మార్టిన్ డెన్నిస్ పేటెంటు తీసుకున్న ఒకే తొట్టి పద్ధతికి ఇది కొనసాగింపే. ఇందులో వాడేది మూడు వేలన్సీ (సంయోజకత) ఉన్న క్రోమియం. జనం భయపడే, నిజంగా విషమైన ఆరు వేలన్సీ క్రోమియం వేరు.

డప్పు దరువు (10:31)
ఎన్ని వేలన్సీలు చెప్పినా తంగేడు చెక్కతో పదును చేసిన డప్పు మోగినట్టు క్రోమ్ తోలు డప్పు మోగదు సార్. మేడారం వచ్చి వినండి.

కెమిస్ట్రీ సారు (10:44)
డప్పుకు పదును చేసిన తోలు వాడరు నాయనా. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు గీకి, తడిగా ఉన్నప్పుడే చట్రానికి బిగించి ఆరబెట్టిన పచ్చితోలు అది. అందుకే దరువు ముందు మంట సెగకు కాస్తారు, అందుకే వానలో దాని గొంతు పడిపోతుంది. తంగేడుకు డప్పుతో సంబంధం లేదు.

డప్పు దరువు (10:52)
మా ఇంట్లో మూడు తరాలుగా డప్పు ఉంది. చింతగింజల అంబలి పూసి తోలు అంటించడం నా కళ్లతో చూశాను. మీరు పుస్తకంలో చూశారు.

కెమిస్ట్రీ సారు (10:58)
అంబలి అంటించడానికి. పదునుకు కాదు. నేను చెప్పింది కూడా అదే.

జనగామ బాటసారి (11:05)
చెప్పుల గురించి అడిగితే డప్పు కొడుతున్నారు.

తంగేడు కొమ్మ (11:30)
సారూ, మీ మూడు వేలన్సీ ఆరు వేలన్సీగా మారుతుందా, మారదా? సూటిగా చెప్పండి. మారకపోతే యూరప్‌లో ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో ఆరు వేలన్సీ క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదని 2015 నుంచి ఎందుకు కట్టడి చేశారు? నా సంగతి కూడా వినండి. రెండేళ్ల కిందట ఒక పెద్ద దుకాణంలో కొన్న చెప్పులు పదిరోజులు వేసుకున్నాను. పట్టీ ఆనిన చోటల్లా దద్దుర్లు. చర్మం డాక్టరు పరీక్ష చేసి క్రోమియం పడదని రాసిచ్చారు. ఇప్పటికీ పాదం మీద పట్టీ ఆకారంలో మచ్చ ఉంది. పాఠం చెప్పడం తేలిక.

కెమిస్ట్రీ సారు (12:15)
మారుతుంది. కాదనలేదు. ఎక్కువ వేడి, ఎండ తగిలినప్పుడు, మెత్తదనానికి పట్టించిన కొన్ని రకాల నూనెల వల్ల, పులుపు మరీ తగ్గించినప్పుడు కొంత మారుతుంది. విచిత్రం ఏమిటంటే దాన్ని ఆపడానికి టానరీలు చివరలో కాస్త చెక్క సారమే కలుపుతాయి. అంటే మీ తంగేడూ నా క్రోమూ ఒకే డ్రమ్ములో ఉండవచ్చు. మీ కాలికి జరిగింది నిజమే, అది ఎలర్జీ. వేరుశనగ పడనివాళ్లున్నారని వేరుశనగను విషం అనము కదా.

తంగేడు కొమ్మ (12:19)
వేరుశనగ నదిని చంపదు.

హనుమకొండ చెప్పులు (12:40)
సార్, ఒక అనుమానం. చలికాలంలో మిగిలిన తోలు ముక్కలు దుకాణం వెనక కాల్చి చలి కాచుకుంటాము. వాటితో ఏమైనా...

కెమిస్ట్రీ సారు (12:43)
ఈ రోజే ఆపండి! క్రోమ్ తోలు కాల్చితే బూడిదలో చేరేది ఆ ఆరు వేలన్సీ క్రోమియమే. ఆ బూడిద పెరట్లో, మొక్కల్లో పోయవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

పరకాల రైతు (1:05)
మా నాన్న మోట (బావి నీళ్లు తోడే తోలు సంచి) తోలుకు ఏటా ఆముదం పట్టించేవాడు. ఎన్నేళ్లు నీళ్లలో మునిగినా చెడలేదు. చెక్క తోలే అది. ఇంతే నాకు తెలిసింది.

తంగేడు కొమ్మ (1:20)
చూశారా! అనుభవం మాట్లాడుతోంది. మన చేతివృత్తులను మనమే చంపుకొని, ఎక్కడిదో డ్రమ్ము తెచ్చుకొని...

లంద మనవడు (2:50)
ఉదయం ఒక ప్రశ్న అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు. అందుకే ఇప్పుడు నేనే చెబుతాను.

లంద అంటే మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. తోళ్లు నానబెట్టే తొట్టి. మా తాత ఇంటి వెనక ఉండేది. ముందు సున్నం నీళ్లు. అందులో రోజుల తరబడి నానిన తోలును బయటికి లాగి, మొద్దు మీద పరిచి, వెంట్రుకలు గీకి, లోపలివైపు అంటుకున్న మాంసం గీకాలి. ఆ తర్వాత కదా తంగేడు చెక్క. తోలును సంచిలా కుట్టి, చెక్క నీళ్లు పోసి, దూలానికి వేలాడదీసేవాడు. కారిన నీళ్లు కింద తొట్టిలో పట్టి మళ్లీ పైన పోసేవాడు. తాత చేతులు సున్నానికి పగిలి ఉండేవి. అన్నం కలుపుకుంటే మంట పుట్టేదని చెంచా అడిగేవాడు. మా ఇంట్లో ఒకే చెంచా, అది ఆయనదే. ఆ నీళ్లు పారి మా వాడ బావి ఎర్రబడింది. ఊరి బావి మాత్రం బాగానే ఉంది అక్కా, అది ఊరికి ఎగువన ఉంది. మమ్మల్ని దాని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

మా చిన్నాన్న ఆ పని వద్దని వేరే రాష్ట్రం వెళ్లి ఒక పెద్ద టానరీలో చేరాడు. మురుగు గుంట శుభ్రం చేయడానికి దింపారు. ముందు దిగినవాడు పడిపోతే, పైకి లాగడానికి చిన్నాన్న దిగాడు. ఇద్దరూ రాలేదు. సారూ, మీకు తెలిసే ఉంటుంది. వెంట్రుకలు ఊడదీయడానికి సున్నంతోపాటు సోడియం సల్ఫైడ్ వేస్తారు. ఆ నీళ్లకు పులుపు నీళ్లు కలిస్తే ప్రాణం తీసే గాలి పుడుతుంది. ఆ గుంటలో చిన్నాన్నను చంపింది క్రోమ్ కాదు. క్రోమ్ టానరీలో అయినా, చెక్క టానరీలో అయినా మొదటి పని ఇదే.

మీరిద్దరూ పొద్దుటి నుంచి వాదించుకుంటున్నది మూడో రోజు పని గురించి. మొదటి రోజు పని ఎవరు చేస్తారు?

కెమిస్ట్రీ సారు (3:25)
తమ్ముడూ, నిజం. ఆ గాలి పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. టానరీ మురుగులో ఎక్కువ భాగం ఈ మొదటి దశలోదే. ఉప్పు కూడా అక్కడి నుంచే, చర్మం కుళ్లకుండా చల్లే ఉప్పు దాని బరువులో సుమారు సగం దాకా ఉంటుంది. అది నీళ్లలో కలిస్తే తిరిగి తీయడం చాలా కష్టం. క్రోమ్‌నైతే తీయవచ్చు. పాత పద్ధతిలో మూడో వంతు దాకా నీళ్లలో పోతుంది కానీ, మెగ్నీషియం ఆక్సైడ్ వేసి దాన్ని అడుగుకు దించి, గంధకామ్లంలో కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వాళ్లు...

లంద మనవడు (3:31)
సారూ, మళ్లీ పాఠంలోకి వెళ్లారు.

తంగేడు కొమ్మ (3:50)
నేను వృత్తిని గౌరవించాలని అన్నాను. అందులో తప్పు ఏమిటో నాకు అర్థం కావడం లేదు. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు.

లంద మనవడు (3:58)
గౌరవం దూరం నుంచి బాగుంటుంది అక్కా. హనుమకొండ అన్నా, మీరు పెట్టబోయే యూనిట్ ఎక్కడ?

హనుమకొండ చెప్పులు (4:30)
మా వాడ వెనక, చెరువు కట్ట కింద. రెండెకరాలు ఉంది.

తమ్ముడూ, నీ మాట గుచ్చుకుంది, కానీ నా మాట కూడా విను. నీకు కాజీపేటలో రైల్వే ఉద్యోగం అని నువ్వే ఇదివరకు ఒకసారి రాశావు. నాకు చెప్పులు కుట్టే ఆరె, తోలు కోసే రంపె తప్ప ఏమీ తెలియదు. మన ఊళ్ల తోళ్లు ఉప్పు చల్లుకొని పచ్చిగా లారీ ఎక్కి పోతాయి, తోలుగా మారి తిరిగి వస్తే మనమే కొనుక్కుంటాము. మధ్యలో ఉన్న డబ్బంతా ఎవరిది? వాసన మనకు, లాభం ఇంకొకరికి. నువ్వు పని మానేయమంటావు. నేను పని మనదేనంటాను, లాభం కూడా మనదే కావాలంటాను.

లంద మనవడు (4:41)
వాడ వెనక ఎందుకు? మెయిన్ రోడ్డు పక్కన ఎందుకు కాదు?

హనుమకొండ చెప్పులు (4:44)
అక్కడ ఎవరు ఇస్తారు?

లంద మనవడు (4:46)
తంగేడు అక్కా, మీ కాలనీ పక్కన పెడితే? చెక్కదే. క్రోమ్ చుక్క కూడా ఉండదు.

తంగేడు కొమ్మ (5:20)
నివాసాల మధ్య ఇలాంటి పరిశ్రమ ఉండకూడదన్నది నిబంధన. ఇందులో క్రోమా చెక్కా అన్న ప్రశ్న రాదు.

లంద మనవడు (5:22)
వాడ కూడా నివాసమే.

జనగామ బాటసారి (5:40)
దీనికి ఎవరూ బదులు ఇవ్వరేమి?

పరకాల రైతు (6:15)
తంగేడు చెక్క అంటున్నారు, చెట్టు ఎక్కడుంది? బెరడు ఒలిస్తే కొమ్మ ఎండిపోతుంది. బతుకమ్మకు పువ్వు కోసం మా పిల్లలు రెండు ఊళ్లు దాటి పోతున్నారు.

కెమిస్ట్రీ సారు (6:28)
ఆ మాట నిజం. దక్షిణాదిలో చెక్క తోలు చేసేవాళ్లు చాలావరకు ఇప్పుడు వాటిల్ అనే చెట్టు బెరడు సారం దిగుమతి చేసుకుంటారు. ఆస్ట్రేలియా చెట్టు, ఎక్కువగా దక్షిణాఫ్రికాలో పెంచుతారు.

డప్పు దరువు (6:35)
డప్పు సంగతి మా మేనమామను అడిగాను. పచ్చితోలేనట. సరే సార్.

హనుమకొండ చెప్పులు (రాత్రి 9:15)
సార్ చెప్పిన మరిగే నీళ్ల పరీక్ష ఇప్పుడే చేశాను. పోయిన వారం ఒక వ్యాపారి "స్వచ్ఛమైన చెక్క తోలు" అని నమూనా పంపాడు. ఆ ధరకు తెప్పిద్దామా అనే ఈ చర్చ మొదలుపెట్టాను. ముక్క మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంది. కదల్లేదు, ముడుచుకోలేదు. పక్కనే పాత మోట తోలు ముక్క వేస్తే వడియంలా చుట్టుకుపోయింది.

లంద మనవడు (9:21)
అంచు కోసి చూడు అన్నా. పైన గోధుమ రంగు వేసినా మధ్యలో నీలి గీత కనిపిస్తుంది.

హనుమకొండ చెప్పులు (9:26)
ఉంది. నీలంగానే ఉంది.

యూనిట్ గురించి బుధవారం సాయంత్రం మా ఊళ్లో కూర్చుంటున్నాము. స్థలం మాట కూడా అప్పుడే తేలాలి. నువ్వు రావాలి తమ్ముడూ. ఈ మాటలు అక్కడే అను.

లంద మనవడు (9:40)
బుధవారం రాత్రి డ్యూటీ. మార్చుకోవడానికి అడుగుతాను.