బీకే వైరస్‌కి యాంటీబాడీ మందు: కొందరికి ఉత్త సెలైన్ ఎక్కించడం న్యాయమేనా?

అడుగుతున్నది: కిడ్నీ గ్రహీత
కిడ్నీ మార్పిడి తర్వాత చేసే రక్తపరీక్షలో బీకే వైరస్ (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు కొత్త కిడ్నీని దెబ్బతీసేది) మిల్లీలీటరుకు 10,000 కాపీలు దాటింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంకా పెరగలేదు. డాక్టర్‌గారు రోగనిరోధక శక్తిని అణచే మైకోఫినోలేట్ మందు డోసు సగం చేసి, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ మందు ట్రయల్ ఉంది, చేరతారా అన్నారు. అందులో కొందరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్త సెలైన్ ఇస్తారట. ఈ వైరస్‌కంటూ ఆమోదం పొందిన మందే లేనప్పుడు, ఉన్నదాన్ని అందరికీ ఇవ్వొచ్చు కదండీ?

మరో గ్రహీత చెల్లెలు
ఇవ్వాల్సిందే. మా అక్కకీ ఇలాగే డోసు తగ్గించారు. వైరస్ దిగేలోపే రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) మొదలైంది. దానికి రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు ఇస్తే వైరస్ మళ్లీ ఎగబాకింది. ఆ కిడ్నీ పోతే తిరిగి డయాలసిసే.

ట్రాన్స్‌ప్లాంట్ నర్స్
అక్కగారి విషయం చదివి చాలా బాధేసిందమ్మా. ఆ ఊగిసలాట వార్డులో మేమూ చూస్తుంటాం. అయినా ప్లాసిబో ఉండాలనే అంటాను. డోసు తగ్గిస్తేనే చాలామందిలో వైరస్ దానంతటదే తగ్గుతుంది. పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు లేకపోతే తగ్గించింది మందో, శరీరమో ఎలా తెలుస్తుంది? లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ సంగతే తీసుకోండి. ల్యాబ్‌లో పనిచేసిందని ఆశపడి చాలాచోట్ల వాడారు. 2014లో ప్లాసిబోతో పోల్చి చూస్తే వైరస్‌ను ఆపలేదు సరికదా, ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు పెరిగే సూచనలు కనిపించాయి.

ఇంకొకటి. ఈ యాంటీబాడీలు వైరస్ పైపొరలోని వీపీ1 ప్రోటీన్‌కు అతుక్కుని, కొత్త కణాల్లోకి పోకుండా అడ్డుపడతాయి. అప్పటికే సోకిన కణాలను ఏరేసేది ప్రధానంగా మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలే. అందుకే యాంటీబాడీ ఎక్కించినా వాటిని అణచే మందు డోసు తగ్గించడం తప్పకపోవచ్చు. వైరస్ ఆ ప్రోటీన్‌ను మార్చుకుని తప్పించుకునే ప్రమాదమూ ఉంది. రక్తంలో కాపీలు తగ్గాయంటే సంతోషమే, కానీ బయాప్సీలో కిడ్నీ బాగుందా అన్నదే నాకు ముఖ్యం. చేరేముందు ప్లాసిబో వచ్చినవాళ్లకీ డోసు తగ్గింపు, వైరస్ పరీక్షలు మామూలుగానే జరుగుతాయా అని అడగండి. జరగవంటే చేరొద్దు.

మరో గ్రహీత చెల్లెలు
పోల్చి చూడాలన్నది ఒప్పుకుంటానండీ. కానీ వైరస్ పెరుగుతూనే ఉంటే, ఫలానా అంకె దాటగానే అసలు మందు ఇస్తామని ముందే కాగితం మీద ఉండాలి. అది లేకపోతే మా అక్క చేత సంతకం పెట్టించను.

ట్రాన్స్‌ప్లాంట్ నర్స్
అది అడగాల్సిన మాటే. సంతకానికి ముందే, ట్రయల్ డాక్టర్‌నే అడగండి.