మటన్ లేని దావత్ మర్యాదేనా? 12,000లో ఇంట్లో వేడుక

పానగల్ అమ్మాయి:
దసరా వెళ్లాక రెండో ఆదివారానికి అమ్మానాన్నల పెళ్లయి 40 ఏళ్లు. నల్గొండలో మా డాబా మీదే సాయంత్రం 35 మందికి భోజనం పెట్టాలని ఉంది. నా దగ్గర ఉన్నది 12,000. అప్పు చేయను. బగారా అన్నం, గుత్తివంకాయ, పచ్చిపులుసు, మక్కగారెలు, చివర్లో సీతాఫలం అనుకున్నాను. అన్నయ్య ఒప్పుకోవట్లేదు. మటన్ లేకపోతే దాన్ని దావత్ అనరు, నాన్న పరువు పోతుంది అంటున్నాడు. మా దగ్గర కిలో 800 దాటింది. 35 మందికి ఆరు కిలోలన్నా కావాలి, అంటే దగ్గర దగ్గర సగం డబ్బు దానికే. అందంగా, కడుపునిండా పెట్టాలంటే మటన్ తప్పదా? మీరేమంటారు?

దేవరకొండ రైతు:
మీ అన్న చెప్పింది నిజం చెల్లె. మీ నాన్న ఈ 40 ఏళ్లలో ఎన్ని ఇళ్లకు దావత్‌కు పోయి ఉంటాడో లెక్కపెట్టు. వాళ్లందరూ యాటను కోసి పెట్టినవాళ్లే. ఇప్పుడు వాళ్లను పిలిచి వంకాయ వడ్డిస్తే మనం తిన్నది తిరిగి ఇవ్వనట్టే. ఇంటికి పోగానే ముసలమ్మ అడిగే మొదటి మాట ‘ఏం పెట్టిన్రు?’ అనే. పూలు ఎట్లున్నయని ఎవరూ అడగరు. కేకు తీసెయ్, ఫ్లెక్సీ తీసెయ్, లైట్లు తీసెయ్. మటన్ మాత్రం ఉంచు.

పాలమూరు వదిన:
అన్నా, మీరు మర్యాద గురించి చెప్పారు. పని గురించి ఒక్క మాట చెప్పలేదు. మా బాబు మొదటి పుట్టినరోజు మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే చేశాం. 50 మంది, మటన్, బగారా, డబుల్ కా మీఠా. హాల్ ఖర్చు లేదు కాబట్టి చవకగా అయిపోయిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మా అత్తమ్మా తెల్లవారి నాలుగు గంటలకు లేచాం. మటన్ కడగడం, ఉల్లిగడ్డ కోయడం, అల్లం వెల్లుల్లి నూరడం, మధ్యలో పిల్లాడికి పాలు. వచ్చినవాళ్లు తింటుంటే నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆ రోజు ఫొటోల్లో మా బాబును ఎత్తుకున్నది మా ఆడపడుచు. నేను ఒక్కదాంట్లోనూ లేను. ఇప్పటికీ ఆ ఆల్బమ్ తీయాలంటే మనసు రాదు.

ఇంట్లో చేస్తే తక్కువలో అవుతుందంటారు. ఆ తక్కువ ఎవరి నడుం మీద పడుతుందో ఎవరూ రాసుకోరు. చెల్లీ, నీ జాబితాలో గుత్తివంకాయ, మక్కగారెలు ఉన్నాయి. 35 మందికి గారెలు వేడివేడిగా అందాలంటే ఒక మనిషి బాణలి దగ్గర నుంచి కదలకూడదు. ఆ మనిషి మీ అమ్మే అవుతుంది. వేడుక ఆమెది కదా?

మిర్యాలగూడ మిల్లు వీధి:
మధ్యే మార్గం చెప్తాను. దాల్చా చేయండి. శనగపప్పు, సొరకాయ, చింతపులుసు, అందులో రెండు కిలోల మటన్ బొక్కలతో సహా. ఆ రుచి ప్రతి పళ్లెంలోకీ వస్తుంది. బియ్యం నాలుగున్నర కిలోలు సరిపోతాయి. కొత్త బియ్యం మాత్రం తేకండి, బగారా ముద్దవుతుంది.

దేవరకొండ రైతు:
అది చేయకు చెల్లె. ముందు కూర్చున్న బంతికి ముక్కలు పడతాయి, చివరి బంతికి సొరకాయ మిగులుతుంది. ముక్క వెతుక్కునేలా పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడమే నయం. వదిన చెప్పిన పని సంగతి మాత్రం నేను ఆలోచించలేదు. మా ఇంట్లో అయితే మటన్ మగవాళ్లమే వండుతాం, బయట రాళ్ల పొయ్యి మీద. ఇంటి పని లోపల ఎంతుందో ఆడవాళ్లే చెప్పాలి.

నారాయణపేట టీచర్:
కార్తీకంలో పెట్టుకుంటే చాలామంది నీసు ముట్టరు, గొడవే ఉండదని కొందరంటారు. నాకది నచ్చదు. పెట్టాలని లేకపోతే లేదనే చెప్పాలి.

అందం సంగతికి వస్తాను. ఆ రోజులకు గునుగు పూలు పొలం గట్ల మీదే దొరుకుతాయి. ఎండినా రూపు చెడవు, రెండు రోజుల ముందే తెచ్చి రాగి చెంబుల్లో పెట్టుకోవచ్చు. బీరువాలో అమ్మ పాత పోచంపల్లి చీర ఉంటే బల్ల మీద పరిస్తే చాలు. థర్మాకోల్ పళ్లేలు వద్దు. టెంట్ హౌస్‌లో స్టీలు పళ్లేలు అద్దెకు ఇస్తారు. సీతాఫలం గట్టికాయ రెండు మూడు రోజుల ముందు తేవాలి. పండాక మర్నాటికే మెత్తబడిపోతుంది. బాలానగర్ రకం దొరికితే గుజ్జు ఎక్కువ. ఇంకొకటి, మీ జిల్లాలో ఫ్లోరైడ్ భయంతో పెరిగినవాళ్లు ఇప్పటికీ నీళ్లు ఎక్కడివని అడిగే తాగుతారు. నీళ్ల క్యాన్లు కనిపించేలా పెట్టండి.

పాలమూరు వదిన:
చెల్లీ, ఇన్ని మాటలయ్యాయి. అమ్మను అడిగావా?

పానగల్ అమ్మాయి:
అడగలేదు వదినా. మీరన్నాక నిన్న రాత్రి అడిగాను. మటన్ మాటే ఎత్తలేదు అమ్మ. ‘మన ఇంట్లో ఏ ఫంక్షన్‌లోనూ మీ నాన్న పక్కన బంతిలో కూర్చుని తినలేదు, ఈసారి కూర్చుంటా’ అంది. నాకు మాట రాలేదు.

అందుకని లెక్క మార్చాను. నా ఆఫీసు వాళ్లు ఏడుగురిని తీసేశాను, వాళ్లకు వేరే రోజు టీ ఇస్తాను. మిగిలింది 28 మంది. గారెలు, గుత్తివంకాయ లేవు. బగారా, మటన్ నాలుగున్నర కిలోలు, పచ్చిపులుసు, పెరుగు పచ్చడి, సీతాఫలం. నీసు తినని నలుగురికి విడిగా పప్పు. మా వీధిలో వంటలు చేసే ఆమె 2,500 అడిగింది, బేరం ఆడలేదు. మటన్ 3,800 దాకా, సరుకులు, పళ్లు, నీళ్లు 3,500, పళ్లేలు, కుర్చీల అద్దె 1,200. మొత్తం 11,000. వెయ్యి చేతిలో ఉంచుకుంటున్నాను.

మటన్ పెట్టినందుకు టీచర్ గారికి, వదినకు నచ్చకపోవచ్చు. నాన్నకు తిన్నది తిరిగి పెట్టాలన్న పట్టింపు ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. మొదటి బంతిలో అమ్మానాన్నలు కూర్చుంటారు. వడ్డన అన్నయ్యది. చెప్పాను, ఇంకా సరే అనలేదు.