గ్రెగోరియన్ చాంట్: జీఏబీసీ నుంచి మిడి చేస్తే కొన్ని పాటల స్వరాలు మారిపోతున్నాయి

నాలుగుగీతలు:
ఈస్టర్‌కి క్వాయర్ చేత లాటిన్ గ్రెగోరియన్ చాంట్ (పాత చర్చి గానం) పాడించాలి. ఇంట్లో విని నేర్చుకునేందుకు జీఏబీసీ (చాంట్ స్వరలిపిని అక్షరాల్లో టైపు చేసే పద్ధతి) ఫైళ్లను పైథాన్ స్క్రిప్టుతో మిడిగా (కంప్యూటర్ మోగించే స్వరాల ఫైలుగా) మారుస్తున్నాను. కొన్ని సరిగ్గా వస్తున్నాయి, కొన్ని వేరే మోడ్‌లో (స్వరాల వరసలో) ఉన్నట్టు వినిపిస్తున్నాయి. ట్రాన్స్‌పోజ్ చేసినా (శ్రుతి మొత్తం జరిపినా) అతకడం లేదు. పైగా స్వరాలన్నీ ఒకే నిడివితో టకటకా మోగుతున్నాయి. రికార్డింగ్‌కి హగియా సోఫియా (ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి పెద్ద చర్చి) ప్రతిధ్వని కలపాలని కూడా ఉంది. ఎలా?

స్వరలిపి:
తేడా క్లెఫ్ (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) దగ్గరుంది. జీఏబీసీలో ఏ నుంచి ఎమ్ దాకా అక్షరాలు స్వరాల పేర్లు కావు, గీతల మీద స్థానాలు. కింది గీత డీ, పైకి వెళ్తే ఎఫ్, హెచ్, జే. సీ4 క్లెఫ్‌లో (నాలుగో గీత మీద సీ) ఏ నుంచి జీ దాకా అక్షరమూ స్వరమూ ఒకటే అవుతాయి, అందుకే పొరపాటు బయటపడదు. పాశ్చాత్య సీని మన ‘స’ అనుకోండి. సీ4లో అది జే మీద, సీ3లో హెచ్ మీద ఉంటుంది. కాబట్టి సీ3లో ఎఫ్-జీ-హెచ్ అంటే ద-ని-స. మీ స్క్రిప్టు దాన్ని మ-ప-ద అని చదువుతోంది. ని-స మధ్య అర మెట్టు, ప-ద మధ్య పూర్తి మెట్టు. ట్రాన్స్‌పోజ్‌తో అది సరికాదు.

అక్షరాలకు ఏ=0 నుంచి ఎమ్=12 దాకా అంకెలివ్వండి. క్లెఫ్ అంకెను రెట్టించి 1 కలిపితే దాని స్థానం: సీ4కి 9, సీ3కి 7. అక్షరం అంకెలోంచి అది తీసేస్తే ‘స’ నుంచి ఎన్ని మెట్లో వస్తుంది. ఆ తర్వాతే 0, 2, 4, 5, 7, 9, 11 సెమిటోన్ల పట్టిక వాడండి. క్లెఫ్ ఎఫ్3 అయితే 7వ స్థానం ‘మ’.

‘ఐఎక్స్’ లాంటివి స్వరాలు కావు, ఫ్లాట్ (స్వరాన్ని అర మెట్టు దించే) గుర్తులు. మోగిస్తే అదనపు ‘ని’ వచ్చిపడుతుంది. సొలెమ్ (ఫ్రాన్స్‌లోని మఠం) పుస్తకాల పద్ధతిలో ఫ్లాట్ ఆ పదం వరకే పనిచేస్తుంది. మధ్యలో విరామ గీతో న్యాచురలో (ఫ్లాట్‌ను రద్దుచేసే గుర్తు) వస్తే అక్కడికే ఆగుతుంది. క్లెఫ్‌లోనే ఫ్లాట్ ఉంటే (సీబీ3) పాటంతా వర్తిస్తుంది.

పాతప్రతి:
నిడివి చతురస్ర లిపిలో (జీఏబీసీ చూపే నాలుగు గీతల లిపిలో) పెద్దగా దొరకదు. 1979 నాటి ‘గ్రాడ్యువాలే ట్రిప్లెక్స్’ తెరవండి: గీతల పైన నల్లగా లాన్ 239 అనే పాత రాతప్రతి న్యూమ్‌లు (స్వరాల గుర్తులు), కింద ఎర్రగా సెయింట్ గాల్ మఠం ప్రతులవి ఉంటాయి. సెయింట్ గాల్ ప్రతుల్లో గీతలు లేవు, వాటిని చూసి మెట్లు తేల్చలేం. లయ మాత్రం ఎంత సూక్ష్మంగా రాశారో! ‘టి’ అంటే నిలపమని, ‘సి’ అంటే తొందరగా పొమ్మని, న్యూమ్ మీద చిన్న అడ్డగీత (ఎపిసీమా) అంటే సాగదీయమని. నేనైతే మామూలు స్వరానికి 1, ‘టి’, ఎపిసీమా ఉన్నవాటికి 1.5 నుంచి 2 దాకా ఇచ్చి మొదలుపెడతాను. జీఏబీసీలో ‘డబ్ల్యూ’ క్విలిస్మా (అలలా రాసే స్వరం) గుర్తు. దాని ముందున్న స్వరాన్ని సాగదీయాలి. మిడితో స్వరాలు నేర్పండి, లయ మాత్రం లాటిన్ మాటలు చదివించి నేర్పండి.

నాలుగుగీతలు:
క్లెఫ్ సరిచేశాక మోడ్ కుదిరింది, ధన్యవాదాలు. ఈ-కోడిసెస్‌లో (స్విస్ రాతప్రతుల వెబ్‌సైటు) సెయింట్ గాల్ 359 స్కాన్ చూస్తున్నాను, ఇంట్రాయిట్ (మాస్ ప్రవేశ గీతం) పూర్తిగా కనిపించడం లేదు?

పాతప్రతి:
అది కాంటాటోరియం, ఏకగాయకుడి పుస్తకం. మాస్‌లో పఠనాల మధ్య పాడే గ్రాడ్యువల్, అల్లెలూయా, ట్రాక్ట్ పూర్తిగా ఉంటాయి. ఇంట్రాయిట్‌కి ఐన్‌సీడెల్న్ 121 రాతప్రతి చూడండి.

గుమ్మటం:
హగియా సోఫియా బైజాంటైన్ గానం సాగిన చోటు. స్టాన్‌ఫర్డ్ బృందం అక్కడ బెలూన్లు పగలగొట్టి కొలిచింది, ప్రతిధ్వని దాదాపు 11 సెకన్లు. లాటిన్ చాంట్‌కి యార్క్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌ఎయిర్ సంగ్రహంలో యార్క్ మిన్‌స్టర్ (యార్క్‌లోని పెద్ద చర్చి) ఇంపల్స్ (ఆ చోటి ప్రతిధ్వని నమూనా) తీసుకోండి. ఫైలు లైసెన్సు చదవండి.

కన్వల్యూషన్ ప్లగిన్‌ని (ఇంపల్స్‌తో గొంతుకు ప్రతిధ్వని ఇచ్చే సాధనం) విడి ఆక్స్ ట్రాక్‌లో, వంద శాతం వెట్‌గా (ప్రతిధ్వని మాత్రమే వచ్చేలా) పెట్టండి. ఇంపల్స్ మొదట్లోని నేరు శబ్దపు ముక్కను కోసేయండి. వదిలేస్తే అసలు గొంతుతో కలిసి డబ్బాలోంచి పాడినట్టుంటుంది. మైకులు నోటికి దగ్గరగా ఉండాలి, లేకపోతే మీ హాలు ప్రతిధ్వని కూడా తోడవుతుంది. పాడేటప్పుడే ఒక చెవిలో ఆ ప్రతిధ్వని వినిపించండి. అప్పుడే వేగం తగ్గి, వాక్యాల చివర నిలుపు సహజంగా వస్తుంది. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ 256 శాంపిళ్లంటే 5.3 మిల్లీసెకన్ల ఆలస్యం, ఇబ్బంది ఉండదు. స్పీకర్లలో మాత్రం వినిపించకండి, ఫీడ్‌బ్యాక్ కూత మొదలవుతుంది.