రోడ్డులోకి ప్రహరీ జరిపిన పక్కింటాయన, "సివిల్ మేటర్" అంటున్న స్టేషన్: ముందు ఏ కాగితం, ఎవరికి?

గల్లీ_చివరిల్లు:

తెలంగాణలో ఓ జిల్లా కేంద్రం, మున్సిపాలిటీ పరిధి, డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) ఆమోదం ఉన్న లేఅవుట్. ప్లాన్‌లో మా గల్లీ 30 అడుగుల రోడ్డు, చివర మూసుకుపోతుంది. మొదట్లో ఉన్న కార్నర్ ప్లాటు యజమాని పక్క ప్లాట్లు కూడా కొని కలుపుకున్నాడు. పాత ప్రహరీ పడగొట్టి, కొత్తది రోడ్డులోకి దాదాపు 7 అడుగులు జరిపి కడుతున్నాడు. పునాది కోసం సీసీ రోడ్డు అంచు కోసేశారు. గోడ ఇప్పుడు నడుము ఎత్తు. రెండు పిల్లర్లకి ఊచలు వదిలారు కాబట్టి గల్లీకి అడ్డంగా గేటు కూడా పెడతారేమోనని భయం. వాటర్ ట్యాంకర్ మళ్లేది అక్కడే. రేపు అంబులెన్సు కావాల్సి వస్తే లోపలికి రాదు.

స్టేషన్‌లో రాసిస్తే "ఇది సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి" అన్నారు, రసీదు ఇవ్వలేదు. మున్సిపాలిటీ నుంచి చైన్‌మన్ వచ్చి టేపు పట్టి కొలిచి వెళ్లాడు, అంతే. ఆయనకి డబ్బుంది, పెద్దవాళ్లతో పరిచయాలున్నాయి. మేం మామూలు జీతగాళ్లం. ఎక్కడ మొదలుపెట్టాలి? దేని తర్వాత ఏది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాత_రైటర్:

స్టేషన్ పని తెలిసినవాడిగా పోలీసు భాగం చెప్తాను. మీ దరఖాస్తులో "కబ్జా", "హద్దు", "స్థలం మాది" అన్న మాటలుంటే చదివేవాడికి సివిల్ అనడం తేలిక. ఇది మీ స్థలం గొడవ కాదు, పబ్లిక్ రోడ్డుకి అడ్డం. దరఖాస్తు అలాగే మొదలవ్వాలి. పబ్లిక్ దారికి అడ్డం పెట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 285, శిక్ష 5,000 రూపాయల వరకు జరిమానా. చిన్న శిక్షే, కానీ అది కాగ్నిజబుల్ నేరం. అంటే పోలీసులు కోర్టు అనుమతి లేకుండా కేసు కట్టొచ్చు. సీసీ రోడ్డు కోశారన్నారు కాబట్టి 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం సెక్షన్ 3 కూడా అడగండి. దానికి మున్సిపల్ కమిషనర్ నుంచి ఫిర్యాదు వస్తే కేసు గట్టిగా ఉంటుంది.

దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదు. తేదీ, సమయం, రోడ్డు వెడల్పు ప్లాన్‌లో ఎంత, ఇప్పుడెంత, ఎవరు కడుతున్నారు, ఎవరు చూశారు, ఇంతే. ఆయన ఎంత పలుకుబడిగల మనిషో రాయొద్దు. అది ఏ సెక్షన్ కిందకీ రాదు, పైగా చదివేవాడికి చిరాకు.

తీసుకోకపోతే అక్కడ వాదన పెట్టుకోకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(4) ప్రకారం అదే విషయం ఎస్పీకి పోస్టులో పంపండి. కమిషనరేట్ ఉన్నచోట డీసీపీకో, కమిషనర్‌కో. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్, చేరినట్టు రుజువు రెండూ అడిగి తీసుకోండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర 175(3) కింద పిటిషన్. దానికి అఫిడవిట్ తప్పనిసరి. స్టేషన్‌లో ఇచ్చిన కాపీ, ఎస్పీకి పంపిన రుజువు రెండూ జతచేయాలి. చాలా పిటిషన్లు దెబ్బతినేది ఇక్కడే: ఎస్పీ మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకెళ్తారు, తిరిగొస్తారు.

నేరుగా హైకోర్టులో రిట్ వేసి ఎఫ్ఐఆర్ కట్టించమంటే మామూలుగా వినరు. ముందు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లమని 2007లో సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013 లలితా కుమారి తీర్పు చెప్తుంది. కానీ సరైన కారణం లేకుండా 3 నెలలు దాటి వచ్చిన ఫిర్యాదుపై ముందుగా ప్రాథమిక విచారణ చేయొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. "చూద్దాం, మాట్లాడదాం" అని నెలలు జరపనిస్తే ఆ వెసులుబాటు అవతలివాళ్లకి మీరే ఇచ్చినట్టు.

వకాల్తా:

రైటర్ గారు చెప్పిందంతా కరెక్టే, కానీ మీకు ముందుగా కావాల్సింది గోడ ఆగడం. ఎఫ్ఐఆర్ అయినా మేస్త్రీ పని ఆపడు. డబ్బున్నవాడికి ఇలాంటి గొడవల్లో అసలు బలం ఆలస్యమే. గోడ పూర్తై, గేటు పెట్టి, రంగు వేశాక "ఎప్పటినుంచో ఇలాగే ఉంది" అంటాడు. అందుకే ఈ వారంలోనే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఆర్డర్) కోసం దావా, దాంతోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. పబ్లిక్ రోడ్డు కాబట్టి "నీకేం నష్టం" అన్న ప్రశ్న వస్తుంది. రెండు దారులున్నాయి. సీపీసీ సెక్షన్ 91 కింద ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతితో వేయొచ్చు, వ్యక్తిగత నష్టం చూపక్కర్లేదు. లేదా మీ ఇంటికి అదొక్కటే దారి కాబట్టి మీ సొంత హక్కు మీదే వేయొచ్చు. మీది మూసుకుపోయే గల్లీ, రెండోది మీకు బాగా సరిపోతుంది.

పిటిషన్‌తోపాటే ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ని, అంటే స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి కోర్టు పంపే లాయర్‌ని, అడగండి. పిటిషన్‌లో "సాక్ష్యం సేకరించడానికి" అన్న అర్థం వస్తే కొట్టేస్తారు. "ఆమోదిత లేఅవుట్ ప్రకారం రోడ్డు వెడల్పు కొలిచి, ప్రస్తుత భౌతిక పరిస్థితి నమోదు చేయడానికి" అని ఉండాలి. కమిషనర్ ఫీజు కోర్టు నిర్ణయిస్తుంది, అడిగినవాళ్లే కట్టాలి. కమిషనర్ వచ్చే రోజు లేఅవుట్ సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉండాలి. అవతలి వైపు ఉన్న ఏదో ఒక ఇంటి పాత గోడో, మ్యాన్‌హోలో కదలని గుర్తుగా చూపించి అక్కడి నుంచి కొలిపించండి. రోడ్డు మధ్య నుంచి కొలిస్తే "మధ్య ఎక్కడ" అన్న కొత్త గొడవ మొదలవుతుంది.

ఎక్స్‌పార్టీ ఆర్డర్ (అవతలివాళ్ల మాట వినకుండానే ఇచ్చేది) వస్తే సంబరపడి ఊరుకోకండి. ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం అర్జీ, అఫిడవిట్, డాక్యుమెంట్ల కాపీలు అవతలి పార్టీకి వెంటనే పంపి, పంపినట్టు అదే రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి. ఇది మర్చిపోయినందుకే ఆర్డర్లు పోయిన సందర్భాలు కోకొల్లలు. ఆర్డర్ ఉన్నా పని సాగిస్తే పోలీసులు వాళ్లంతట వాళ్లు రారు. సెక్షన్ 151 కింద పోలీస్ ఎయిడ్ పిటిషన్ వేయాలి. ఉల్లంఘనకి ఆర్డర్ 39 రూల్ 2ఏ కింద 3 నెలల వరకు సివిల్ జైలు ఉంది.

ఇంకోటి, ఇవాళే చేయాల్సింది: కేవియట్, సెక్షన్ 148ఏ. ఇలాంటి మనుషులు తామే ముందు కోర్టుకెళ్లి "నా స్వాధీనంలో జోక్యం చేసుకోవద్దు" అని మీ మీద ఎక్స్‌పార్టీ ఆర్డర్ తెచ్చుకుంటారు. కేవియట్ ఉంటే మీకు చెప్పకుండా ఇవ్వరు. 90 రోజులే చెల్లుతుంది, అయిపోగానే మళ్లీ వేయాలి.

ప్లాన్_సెక్షన్:

మున్సిపాలిటీ సంగతి. చైన్‌మన్ కొలిచి వెళ్లాడంటే కొలత ఏదో కాగితం మీద ఉండాలి. ఆ కాగితం బయటికి రప్పించడమే మీ పని. కమిషనర్ పేరుతో ఫిర్యాదు, టౌన్ ప్లానింగ్‌కి కాపీ, ఇన్‌వార్డ్‌లో ముద్ర, నంబరు, తేదీ. నోటితో చెప్పిన ఫిర్యాదుకి ఫైలు ఉండదు.

లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకి రాసిస్తారు. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. ఈ ఒక్క డీడ్ చేతిలో ఉంటే "అది నా ప్లాటులో భాగం" అన్న మాట నిలబడదు. మిగతావి ఆర్టీఐలో అడగండి: ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరుతో లేఅవుట్ ప్లాన్, ఆ ప్లాట్లకి ఇచ్చిన నిర్మాణ అనుమతి డ్రాయింగ్ సెట్‌బ్యాక్‌లతో సహా, ఫలానా ఇన్‌వార్డ్ నంబరుపై తీసుకున్న చర్య. మున్సిపాలిటీకి ఫీజు 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని మాత్రం అడగొద్దు. అది సమాచారం కిందకి రాదంటారు. "చర్య తీసుకున్న కాగితాల కాపీలు" అనండి.

నోటీసు, 15 రోజుల గడువు అని ఆయన లాయర్ తప్పకుండా అంటాడు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలకి ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసిన మాట నిజమే. అదే తీర్పులో రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకి ఆ రక్షణ వర్తించదని స్పష్టంగా ఉంది. మీ ఫిర్యాదులో ఆ వాక్యం పెట్టండి.

కదలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి. కాగితం అదనపు కలెక్టర్, లోకల్ బాడీస్ దగ్గరికి వెళ్లేలా చూడండి. చాలామందికి తెలియని దారి ఇంకోటుంది: బీఎన్‌ఎస్‌ఎస్ 152. పబ్లిక్ దారిలో అడ్డం తొలగించమని ఆర్డీఓ షరతుతో కూడిన ఆర్డర్ ఇవ్వొచ్చు. పోలీసు రిపోర్టే అక్కర్లేదు, మీ దరఖాస్తు, ఫోటోలు చాలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్నవాళ్లకైతే ఆక్రమణలు తొలగించే హైడ్రా కూడా ఉంది, మీకు అది వర్తించదు.

గల్లీ_చివరిల్లు:

చాలా కృతజ్ఞతలు. కేవియట్ సంగతి అసలు తెలీదు. ఇంకో రెండు అడుగుతాను. ఫోటోలు తీస్తుంటే ఆయన మనుషులు తమ్ముడిని నెట్టి, ఫోన్ లాక్కుని పగలగొట్టారు, "కాళ్లు విరుస్తాం" అన్నారు. ఇప్పుడు మేమే గొడవ చేశామని అటునుంచి ఫిర్యాదు వెళ్లింది. 68 ఏళ్ల మా నాన్నని స్టేషన్‌కి రమ్మని ఫోన్లో చెప్తున్నారు. పంపాలా?

పాత_రైటర్:

ఫోన్ పిలుపుకి పంపకండి. రాతపూర్వక నోటీసు అడగండి. సాక్షిగా అయితే 60 దాటిన మగవారిని, ఏ వయసు ఆడవారినైనా ఇంటి దగ్గరే విచారించాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 179 అదే చెప్తుంది. నిందితుడిగా అయితే 35(3) నోటీసు ఇవ్వాలి. దానికి మాత్రం హాజరు కావాల్సిందే, లాయర్‌తో వెళ్లండి. 3 ఏళ్లలోపు శిక్ష ఉన్న నేరమైతే 60 దాటినవారిని డీఎస్పీ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు, 35(7). "ఇద్దరినీ బైండోవర్ చేస్తాం" అని, అంటే గొడవ చేయమని బాండు రాయించుకోవడానికి, తహసీల్దార్ దగ్గరికి పంపే ప్రయత్నం జరగొచ్చు. అక్కడ సంతకం పెట్టే ముందు మీ వైపు నుంచి ఏ గొడవా లేదని రాతపూర్వకంగా జవాబివ్వండి. తొందరపడి బాండు రాసిస్తే ఏడాదిపాటు మీ చేతులు కట్టేసినట్టే.

బీఎన్‌ఎస్‌లో నెట్టడం 115(2), బెదిరింపు 351, ఫోన్ పగలగొట్టడం 324. వీటిని "ఎన్‌సీ" (నాన్ కాగ్నిజబుల్) అని పక్కన పడేస్తారు. విడిగా రాసిస్తే నిజంగానే పక్కకి పోతాయి. అందుకే గల్లీలో దారి ఆపిన సంగతి, అంటే 126(2), పైన చెప్పిన 285తో కలిపి ఒకే దరఖాస్తు రాయండి. రెండు మూడు నేరాల్లో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా కేసు మొత్తం కాగ్నిజబుల్‌గానే చూడాలని బీఎన్‌ఎస్‌ఎస్ 174(4)లో ఉంది. దెబ్బ చిన్నదైనా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఓపీ చీటీ ఉంచుకోండి. ఫోన్ బిల్లు జతచేయండి.

మీరు స్టేషన్‌కి వెళ్లిన రోజు కెమెరా ఫుటేజీ కూడా అడగొచ్చు. 2020 పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం స్టేషన్ కెమెరాల్లో ఆడియో ఉండాలి, రికార్డింగు 18 నెలలు దాచాలి. ఆర్టీఐలో తేదీ, సమయం రాసి, ముందు భద్రపరచమని కోరండి.

వకాల్తా:

ఎదురింటి వాళ్ల సీసీటీవీలో ఈ నెట్టుడు పడి ఉంటే ఈ పూటే తీసుకోండి. ఇళ్ల డీవీఆర్‌లు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుంటాయి. కొత్త పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, హ్యాష్ విలువ (ఫైలు మార్చలేదని చూపే కోడ్) తీయించి, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) సర్టిఫికెట్ సిద్ధం చేయించండి. దానికి రెండు భాగాలు, ఏ భాగం డీవీఆర్ యజమాని, బీ భాగం నిపుణుడు సంతకం చేయాలి. వాట్సాప్‌లో వచ్చిన క్లిప్‌ని కోర్టులో చూపిస్తే మొదటి వాయిదాలోనే అభ్యంతరం పెడతారు.

గోడ మీద మీవాళ్లెవరూ చెయ్యి వేయొద్దు, ఒక్క ఇటుక కూడా తీయొద్దు. కాలనీ గ్రూపులో ఆయన్ని దొంగ అని రాయొద్దు, స్క్రీన్‌షాట్‌తో పరువునష్టం కేసు వేస్తారు, అసలు కేసు వెనక్కి పోతుంది. లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. గల్లీలో ఇల్లు ఎవరైనా ఆడవారి పేరు మీదుంటే ఆమెనే వాదిగా పెట్టుకోవచ్చు. హెల్ప్‌లైన్ 15100.

దావా శుక్రవారం దాకా ఆపకండి. ఇలాంటి గోడలు లేచేది వరస సెలవుల్లోనే, కోర్టు మూసి ఉంటుందని వాళ్లకీ తెలుసు.