యూరిన్‌లో ఆల్బుమిన్ (ప్రొటీన్) 1+, బీపీ మాత్రం నార్మల్. ముందు ముందు బీపీ వస్తుందనా?

కడపమ్మాయి:
నాకు ఆరో నెల, మొదటి కాన్పు. ఈసారి చెకప్‌లో బీపీ 116/74 ఉంది, యూరిన్‌లో ఆల్బుమిన్ 1+ అని వచ్చింది. డాక్టరమ్మ "మళ్లీ చేయిద్దాం" అన్నారంతే, బయట జనం ఉంటే నేనూ ఎక్కువ అడగలేకపోయా. మా అత్తయ్య చెల్లెలికి కాన్పులో గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్) వచ్చిందట, అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్, ఉప్పు పూర్తిగా మానేయమంటున్నారు. ఈ ఒక్క ప్లస్సుతో బీపీ వస్తుందని ముందే చెప్పేయొచ్చా?

ల్యాబ్‌బాబాయ్:
చెప్పలేం అమ్మా. స్ట్రిప్ చూపించేది ఆ కాస్త మూత్రం ఎంత చిక్కగా ఉందో అన్నదాన్ని బట్టి మారిపోతుంది. నీళ్లు తక్కువ తాగినా, యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, తెల్లబట్ట కలిసినా ప్లస్ చూపిస్తుంది. శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టి ఇవ్వండి. మళ్లీ ప్లస్ వస్తే ప్రొటీన్–క్రియాటినిన్ రేషియో అడగండి, అది చిక్కదనంతో మోసపోదు. 0.3 దాటితే ఎక్కువ ఉన్నట్టు. 24 గంటలు డబ్బాలో పట్టే పద్ధతిలో అయితే 300 మిల్లీగ్రాములు హద్దు, కానీ ఆ డబ్బా మోసుకు తిరగలేక మధ్యలో ఒకసారి పారబోసేవాళ్లే ఎక్కువ, ఆ లెక్క నేను నమ్మను.

స్టాఫ్‌నర్స్_ఒంగోలు:
అసలు చూసుకోవాల్సింది బీపీ. 20 వారాలు దాటాక 140/90 వస్తే అప్పుడు ఈ ప్రొటీన్‌కి అర్థం మారిపోతుంది, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతినే జబ్బు) అనుకోవాలి. ముందే పసిగట్టాలంటే మూడో నెలలోనే పాత జబ్బులు, బీపీ, స్కానింగ్, కొన్నిచోట్ల రక్తపరీక్ష కలిపి చూస్తారు, రిస్క్ ఉంటే 16 వారాల లోపే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు. మీరు సొంతంగా మాత్రం వేసుకోకండి. అత్తయ్యగారి చెల్లెలి సంగతి కాదు, మీ అమ్మగారికో అక్కచెల్లెళ్లకో వచ్చిందా, అది డాక్టరుకి చెప్పండి. ఉప్పు మానేస్తే ఇది ఆగదు, మామూలుగా తినండి.

ఇద్దరుపిల్లలతల్లి:
నాది తిరగేసిన కేసు. యూరిన్ ప్రతిసారీ నిల్, అంతా బాగుందనుకున్నాం. ఎనిమిదో నెలలో తలనొప్పి తగ్గలేదు, కళ్లముందు మెరుపులు, వెళ్తే బీపీ 160 పైన. ప్రొటీన్ లేకపోయినా ప్రీఎక్లాంప్సియా అయ్యుండొచ్చని అప్పుడే తెలిసింది, ప్లేట్‌లెట్లు, లివర్ టెస్టులు చేసి అడ్మిట్ చేసుకున్నారు. కాబట్టి తలనొప్పి, చూపు మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాపు, వీటిలో ఏది వచ్చినా చెకప్ తేదీ కోసం ఆగకండి. కాన్పయ్యాక కూడా వస్తుంది ఇది.

కడపమ్మాయి:
థాంక్సండీ. బీపీ మెషీన్ కొంటున్నాం. రేషియోకి శాంపిల్ పొద్దున లేవగానే పట్టాలా?

ల్యాబ్‌బాబాయ్:
అవసరం లేదు, లేవగానే వచ్చే మొదటిది వద్దు. ఆ తర్వాత ఎప్పుడైనా ఇవ్వండి. యూరిన్ కల్చర్ (ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష) కూడా చేయించాలేమో డాక్టరమ్మని అడిగి రండి.